ఈ వయసులో ఈ గోలేమిటి?

పోయిన నెల ఒక పుస్తకావిష్కరణ సభ అయిపోయాక, బయట మెట్ల మీద నిలబడి టీ తాగుతుంటే ఒక విమర్శక మిత్రుడు పలకరించాడు. మా బ్యాండ్ వీడియో ఎవరో ఆయనకు పంపారట. "చూశానండీ. యాభైకి దగ్గరపడ్డాక పంక్ ఏమిటండీ? అది కోపం కాదు, కోపం తాలూకు జ్ఞాపకం" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. మాట బాగానే ఉంది మరి. కానీ బండి తీసుకుని అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటేసరికి నవ్వు పోయింది, జవాబు మిగిలింది. అక్కడే చెప్పాల్సింది, తోచలేదు. తోచినవన్నీ ఇంటికొచ్చాకే తోచడం నా అలవాటు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన మంచి మనిషి. ఆయనొక్కడి ప్రశ్నే అయితే ఇంత రాయక్కర్లేదు. మా బావమరిదిదీ ఇదే ప్రశ్న. మా ఆడిటర్‌దీ ఇదే. మా అమ్మాయి స్నేహితులు మర్యాదస్తులు కాబట్టి "కూల్, అంకుల్" అంటారు, దాని అర్థమూ ఇదే. ఇంతమంది ఒకే మాట అంటున్నారంటే అది నా గురించి కాకపోవచ్చు. ఆ మాట ఎక్కడినుంచి వస్తోందో చూడాలి.

ముందు మేమెవరమో చెప్తాను. నాకు నలభై తొమ్మిది. పాతబస్తీ ఛత్తా బజార్‌లో చిన్న ప్రెస్సు నడుపుతాను. పెళ్లి పెట్టుకున్న హైదరాబాదు వాళ్లకి ఛత్తా బజార్ ఏమిటో చెప్పక్కర్లేదు. శుభలేఖలు, దావత్‌నామాలు, విజిటింగ్ కార్డులు, బిల్లు బుక్కులు, ఎన్నికలొస్తే కరపత్రాలు. నేను బేస్ గిటార్ వాయిస్తాను. డ్రమ్స్ మీద కూచునే ఆయన బార్కస్ మనిషి, యాభై రెండేళ్లు, ఫ్రిజ్‌లు ఏసీలు రిపేరు చేస్తాడు. గిటార్ వాయిస్తూ పాడేది ఒక లెక్కల టీచరు, శాలిబండ వైపు ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతికీ పదో తరగతికీ చెప్తుంది, నలభై నాలుగు. ఆమెను ఎవరూ వయసు అడగరు. "పిల్లలు ఏమంటున్నారు?" అని అడుగుతారు. ఆడమనిషికి ఆ ప్రశ్న అలా మారి వస్తుంది. పిల్లలేమీ అనడం లేదు. చిన్నవాడు వైర్లు చుట్టిపెడతాడు.

మా గల్లీలో సగం షాపులు శుక్రవారం బంద్. జుమ్మా నమాజు అయ్యాక మూడింటికి ప్రాక్టీసు. ప్రెస్సు వెనక గదిలో కటింగ్ మిషన్‌కీ ఆర్ట్ కార్డు బండిళ్లకీ మధ్య. మొదట్లో గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికించాం, అందరూ చెప్పే చిట్కా అది. ఆ అట్టలు గదిలో గింగురు కాస్త తగ్గిస్తాయి గానీ బయటికి పోయే చప్పుడు ఆపవు. పాత దూది పరుపులు తలుపుకి ఆనించాక పక్క షాపు చాచా తిట్టడం మానేశాడు. ఆరు కొట్టాక ఆపేస్తాం. శబ్దకాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అని అందులో ఉంది. పగలు కూడా మేము ఆ 55లో ఉంటామని ప్రమాణం చేయలేను, పరుపుల మీద భారం వేశాం.

*

ఇప్పుడు మిత్రుడి మాటకి వస్తాను. పంక్ కుర్రకారు వ్యవహారం అన్నది ఆయన అభిప్రాయం. చరిత్ర ఏమంటోంది?

1974లో న్యూయార్క్ క్వీన్స్ నుంచి రమోన్స్ అనే నలుగురు మొదలుపెట్టారు. 1976లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బంలో పద్నాలుగు పాటలు, మొత్తం కలిపి అరగంట లేదు. అదే ఏడాది లండన్‌లో సెక్స్ పిస్టల్స్ మొదటి రికార్డు వచ్చింది. వాళ్లు కుర్రవాళ్లే, ఒప్పుకుంటాను. కానీ అదే 1976లో లండన్‌లో యూకే సబ్స్ అనే బ్యాండ్ పెట్టిన చార్లీ హార్పర్ 1944లో పుట్టాడు. బ్యాండ్ పెట్టేనాటికే ముప్పై దాటినవాడు, క్షౌరవృత్తి చేసినవాడు. ఎనభై ఏళ్లదాకా స్టేజీ మీదే ఉన్నాడు. 1979లో హాలండులో పుట్టిన ది ఎక్స్ అనే పంక్ బ్యాండు ఇథియోపియా శాక్సఫోన్ విద్వాంసుడు గెటచూ మెకూరియాతో కలిసి 2006లో ఒక ఆల్బం చేసింది. ఆయన 1935లో పుట్టాడు. అడిస్ అబాబా మునిసిపాలిటీ బ్యాండులో వాయించి పైకొచ్చినవాడు. డెబ్బై దాటాక పంక్ వాళ్లతో ఊరూరా తిరిగాడు. "ఈ వయసులో ఏమిటండీ" అని ఆయన్ని ఎవరైనా అడిగారేమో, ఆయన వాయింపులో మాత్రం ఆ ప్రశ్న వినపడదు.

జుట్టుకు రంగులూ చొక్కాకు పిన్నీసులూ ఫొటోల్లో బాగుంటాయి కాబట్టి పంక్ అంటే అవే అనుకున్నాం. దానిలో పట్టుకోదగ్గది వేరే ఉంది. 1980లో వాషింగ్టన్‌లో ఇయాన్ మకాయ్, జెఫ్ నెల్సన్ అనే ఇద్దరు కుర్రాళ్లు డిస్కార్డ్ అని సొంత రికార్డు కంపెనీ పెట్టుకున్నారు, ఆగిపోయిన తమ బ్యాండు పాటలు బయటికి తేవడానికి. డబ్బుల్లేవు. రికార్డుకి అట్టకవరు ఎలా చేస్తారో తెలియక, ఉన్న ఒక కవరు విప్పదీసి, ఆ కొలతలకి ప్రింటు వేయించి, చేతుల్తో కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అతికించుకున్నారు. ఇది చదివినరోజు ప్రెస్సులో కూచుని నవ్వుకున్నాను. కత్తిరించడం, మడవడం, అతికించడం మా వీధి మొత్తం చేసే పని. ఆ తర్వాత మకాయ్ ఫుగాజీ అనే బ్యాండులో ఏళ్ల తరబడి టికెట్టు ఐదు డాలర్లకి అటూ ఇటూగా ఉంచాడు, చిన్నపిల్లలతో సహా అందరికీ ప్రవేశం ఉండాలన్నాడు. పంక్ అంటే నాకర్థమైనది ఇది: నీ పాట నువ్వు రాసుకో, నీ అట్ట నువ్వు మడుచుకో, నీ ధర నువ్వు పెట్టుకో, ఎవరి పెళ్లికీ అమ్ముకోకు. ఇందులో వయసు ఎక్కడుంది?

మా పాటలు ఆరింటికి ఒక చిన్న పుస్తకం వేశాం. లోపల పాటల మాటలు, చివరి అట్ట మీద స్కాన్ చేస్తే పాటలు వినిపించే గడి. అట్టకి ప్రెస్సులో మిగిలిపోయిన పెళ్లికార్డుల స్టాకు వాడాం. తప్పు పడిన కార్డులు, రద్దయిన ఆర్డర్లు. ముందువైపు మా బ్యాండు పేరు, తిప్పిచూస్తే ఎవరిదో పెళ్లి. కొన్నింటి మీద వినాయకుడు, కొన్నింటి మీద 786. ఒక్కో ప్రతి నలభై రూపాయలు. నూటయాభై వేశాం, నూటపది పోయాయి. నష్టం రాలేదు. లాభం రాలేదని మా ఆడిటర్ బాధ.

*

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. మా ఊళ్లో డ్రమ్ము మీద చెయ్యి వేసినవాణ్ణి ఎవరైనా వయసు అడిగారా?

మా డ్రమ్మరు కుటుంబం మార్ఫా వాయించిన కుటుంబం. మార్ఫా హైదరాబాదుకి ఎలా వచ్చిందో ఈ తరం వాళ్లకి తెలియకపోవచ్చు. నిజాం కొలువులో సైనికులుగా యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులున్నారు. వాళ్ల బ్యారక్సే ఇప్పటి బార్కస్. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌లో సిద్దీలున్నారు. మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ అనే పేట పేరు అక్కడినుంచే. ఈ రెండు జనాల చేతుల మీదుగా వచ్చిన డోలు మార్ఫా. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం సైన్యాలు రద్దయ్యాయి, వాళ్ల ఉద్యోగాలు పోయాయి. "బందూక్ పోయింది, మార్ఫా మిగిలింది అనేటోడు మా దాదా" అంటాడు మా డ్రమ్మరు. వాళ్ల దాదా డెబ్బై ఏళ్లకి కూడా బారాత్ ముందు నడుస్తూ వాయించాడట. "ఈ వయసులో ఈ గోలేమిటి" అని పెళ్లివారెవరూ అనలేదు. ఇంకొంచెం గట్టిగా కొట్టమన్నారు.

డప్పు సంగతి చూడండి. ఊళ్లో డప్పు కొట్టే మనిషి వయసు ఎవరికి పట్టింది? చావుకు పిలిచారు, జాతరకు పిలిచారు, చాటింపుకు పిలిచారు. చెయ్యి వణికేదాకా కొట్టించుకున్నారు, ఇచ్చింది గింజలు, దూరంగా ఒక ముద్ద. రిటైరయ్యే హక్కు ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. 1994లో మొదలైన దండోరా ఉద్యమం ఆ డప్పునే జెండాగా ఎత్తుకున్నాక గానీ దాని మీద చేసిన దెబ్బలాట ఏమిటో మాబోటి వాళ్లకి వినపడలేదు.

ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలకు రండి. పోతరాజుల్లో యాభై దాటినవాళ్లు ఉంటారు, ఒంటికి పసుపు, చేతిలో కొరడా. తీన్‌మార్‌కి ఎగిరే బాబాయిలను చూడండి. మర్నాడు వాళ్లంతా ఆఫీసుకి పోతారు. ఎవరూ వాళ్లని ఆపి, ఇది ఆనందం కాదు ఆనందం తాలూకు జ్ఞాపకం అనరు.

కాబట్టి నడివయసు మనిషి చప్పుడు చేయడం మన సమాజానికి ఇబ్బంది కాదు. దేవుడికి చేస్తే సరే, పెళ్లికి చేస్తే సరే, పార్టీకి చేస్తే సరే. పనికొచ్చే గోలకి వయసు లేదు. ఎవరూ పిలవకుండా, ఎవరికీ పనికిరాకుండా, తన మాట తను చెప్పుకోవడానికి చేసే గోలకే వయసు అడుగుతారు. ఇంకోలా చెప్తాను. ఇరవైల్లో ఆ గోల చేస్తే "కుర్రతనం, పోతుందిలే" అంటారు. పోకపోతేనే వాళ్లకి భయం.

*

నా సొంత కథలో ఇంకో ముడి ఉంది. అది చెప్పకపోతే పైన రాసిందంతా నీతిబోధ అవుతుంది.

ఇరవై రెండేళ్లప్పుడు నేను మొదటిసారి గిటార్ కొన్నాను, సెకండ్ హ్యాండుది. ఇంటికి తెచ్చిన సాయంత్రం మా నాయిన దాన్ని చూసి కోప్పడలేదు. భోజనం చేస్తూ ఒకటే మాట అన్నాడు. "అరేయ్, మనం వాయించేటోళ్లం కాదురా. మనం వాయింపిచ్చుకునేటోళ్లం."

గిటార్ అటకెక్కింది. తర్వాత ప్రెస్సు, పెళ్లి, పాప, అప్పులు, నాయిన జబ్బు. ఆయన పోయిన రెండేళ్లకి, నాకు నలభై మూడేళ్లప్పుడు, అటక మీద సామాను సర్దుతుంటే చేతికి తగిలింది. మెడ వంకరపోయి పనికిరాలేదు. దాని బదులు పాత బేస్ ఒకటి కొన్నాను, నాలుగు తీగలే కాబట్టి తొందరగా వస్తుందని.

నాయిన మాట అర్థం కావడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. ఆయన గిటార్‌ని కాదు కాదన్నది. వాయించే చెయ్యి ఏ కులంలో ఉండాలో, పిలిచే చెయ్యి ఏ కులంలో ఉండాలో గుర్తుచేశాడు. మా ఇంట్లో పెళ్లిళ్లకి బ్యాండు వాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లకి వరండాలో విస్తర్లు. ఆ వరండాకీ నాకూ మధ్య ఉన్న గడప మా నాయిన చూపించాడు, నేను దాటలేదు. ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి, రక్తం ఉడికే వయసంటారు కదా, నోరు మూసుకుని అన్నం తిన్నాను.

అందుకని మిత్రుడి మాట వింటే నాకు నాయిన గొంతు వినిపించింది. ఇరవై రెండేళ్లకి 'మనకు కాదు' అన్నారు. నలభై తొమ్మిదికి 'ఇప్పుడు కాదు' అంటున్నారు. మధ్యలో ఎప్పుడో వాయించాల్సింది అన్నట్టు మాట్లాడుతున్నారు. ఆ మధ్యలో నేను శుభలేఖలు అచ్చేస్తున్నాను. నాలాగే లక్షలమంది ఏదో ఒకటి అచ్చేస్తూ, మోస్తూ, ఈఎంఐ కడుతూ ఉన్నారు. వయసు అభ్యంతరం కొన్నిసార్లు కులం అభ్యంతరమే, మర్యాదైన చొక్కా తొడుక్కుని వస్తుంది. వాయించడం తక్కువ పని అని ఇప్పుడు సభల్లో ఎవరూ అనలేరు. పెద్దమనిషికి తగని పని అనొచ్చు. పెద్దమనిషి అంటే ఎవరో అందరికీ తెలుసు.

*

సాహిత్య పత్రిక కాబట్టి సాహిత్యం సంగతి కూడా మాట్లాడదాం. మన దగ్గర పంక్ లేదంటారు. రమోన్స్ పుట్టడానికి తొమ్మిదేళ్ల ముందు, 1965 మే నెలలో ఒక అర్ధరాత్రి ఇదే హైదరాబాదులో దిగంబర కవుల మొదటి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. రెండోది 1966లో విజయవాడలో, ఒక హోటలు కార్మికుడు. మూడోది 1968లో విశాఖలో, ఒక బిచ్చగత్తె. కన్నవారు పెట్టిన పేర్లు వదిలేసి కొత్త పేర్లు పెట్టుకున్నారు. క్యాలెండరు కూడా మార్చుకున్నారు. సొంత ఖర్చుతో, పెద్దల దీవెన లేకుండా. దీనికంటే పంక్ ఏముంటుంది?

వాళ్లను మనం ఏం చేశాం? 'యువకుల ఆవేశం' అని పేరు పెట్టాం. మూడు సంపుటాల దశ అని ఖరారు చేసి పరీక్షల్లో పది మార్కుల ప్రశ్న చేశాం. తిరుగుబాటుని వయసు ఖాతాలో రాసేస్తే దాని వాదనకి జవాబు చెప్పే శ్రమ తప్పుతుంది. ఆవేశం కదా, అదే తగ్గుతుంది అని కూచోవచ్చు. మిత్రుడు నన్ను అన్నదీ, తెలుగు విమర్శ దిగంబరుల్ని అన్నదీ ఒకే ఎత్తు.

శ్రీశ్రీ 1910లో పుట్టాడు. 1970లో విశాఖలో ఆయన షష్టిపూర్తి చేశారు. అరవై ఏళ్లు నిండాయి, సన్మానం అయింది, శాలువా కప్పించుకుని ఇంటికెళ్లి పడుకోవచ్చు. అదే ఏడాది జులైలో విరసం ఏర్పడితే దానికి అధ్యక్షుడయ్యాడు. ఆ దారి సరైనదా కాదా అని యాభై ఏళ్లుగా కొట్టుకుంటున్నాం, కొట్టుకుందాం. "ఈ వయసులోనా" అనేది మాత్రం ఆ చర్చలో వాదనగా నిలవలేదు. గద్దర్‌ని 1997లో కాల్చినప్పుడు ఆయన యాభైకి దగ్గర్లో ఉన్నాడు. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. దాంతోనే తెలంగాణ ఉద్యమంలో గొంగడి, గజ్జెలతో ఆడాడు, 2023 ఆగస్టులో పోయేదాకా పాడాడు. మేము గద్దర్‌తో పోల్చుకోవడం లేదు, అంత బుద్ధిలేనివాళ్లం కాదు. గజ్జె కట్టడానికి ఒక వయసు పరిమితి ఉందని ఈ నేల మీద నిలబడి చెప్పడం కష్టం అని మాత్రమే అంటున్నాను.

*

మిత్రుడి మాటలో నిజం లేదా? ఉంది. మా తరంలో గిటార్ దించినవాళ్లు చాలామంది చేసేది కంపెనీ యాన్యువల్ డే నాడు 'హోటల్ కాలిఫోర్నియా' వాయించడం. కాలేజీ రోజులు తలుచుకుని కళ్లు మూసుకోవడం. అది జ్ఞాపకమే, తప్పూ లేదు. మేమూ మొదటి ఏడాది అదే చేశాం. పాత ఇంగ్లిష్ పాటలు తప్పులతో వాయించి మాకు మేమే చప్పట్లు కొట్టుకున్నాం. ఇంకా నిజాలు చెప్తాను. నా కుడి చెవిలో ప్రాక్టీసు అయ్యాక రెండు గంటలు ఈల వినిపిస్తుంది. మా డ్రమ్మరు బీపీ గోలీ వేసుకుని కూచుంటాడు. టీచరమ్మ గొంతు పదో తరగతి పరీక్షల నెలలో పనిచేయదు. పోయినేడు ఒక కేఫ్ వాళ్లు వాయించమని పిలిచి, డబ్బులు ఇవ్వం గానీ 'ఎక్స్‌పోజర్' ఇస్తాం అన్నారు. ఎండలో తిరిగి తిరిగి మాకు కావాల్సినంత ఎక్స్‌పోజర్ ఉందని చెప్పి వచ్చేశాం. ఇరవై ఏళ్లవాడైతే ఒప్పుకునేవాడు. వయసుకి ఆ ఒక్క లాభం ఉంది.

ఇంకో లాభం కూడా ఉంది. అది చెప్పడానికే ఇంత రాశాను.

2024 సెప్టెంబరు చివర్లో చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డున మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బి-ఎక్స్ అని రాశారు. ఆర్‌బి అంటే రివర్ బెడ్. నది గర్భంలో ఉన్న ఇల్లు, పోవాల్సిన ఇల్లు అని గుర్తు. మా వీధిలో అచ్చయ్యే కార్డులు మెషీన్ మడవదు, ఇళ్లలో ఆడవాళ్లు మడుస్తారు, వందకి ఇంత అని. మాకు మడిచిపెట్టే ఒక అక్క ఇల్లు ఆ వరసలోనే ఉంది. ఒకరోజు మడవని కార్డుల మూట అలాగే తెచ్చి బల్ల మీద పెట్టింది. "అన్నా, ఈసారికి వేరేటోళ్లకియ్యి. సామాన్లు సదురుకుంటున్న, చేతులు ఖాళీ లేవు" అంది. గోడ మీద ఏం రాశారో వేలితో బల్ల మీద రాసి చూపించింది. ఆమెకు ఇంగ్లిష్ రాదు. ఆ మూడు అక్షరాలు మాత్రం తప్పు లేకుండా రాసింది.

ఆ శుక్రవారం పాట చేశాం. నిమిషం నలభై సెకన్లు. మాటలు ఆ మూడక్షరాలు, కార్డులు మడిచే లెక్క: పది, ఇరవై, ముప్పై, వంద. అంతే. మొదట మా డ్రమ్మరుకి మామూలు పంక్ దెబ్బ కుదరలేదు, చెయ్యి మార్ఫా వైపే పోతోంది. "పోనియ్యి భాయ్, అదే బాగుంది" అంది టీచరమ్మ. మార్ఫా నడక మీద బేస్ రెండు స్వరాల్లో తిరిగింది. ఇది మా ఆరు పాటల్లో ఒక్కటే, ఎవరి పాటకీ నకలు కానిది.

నా ఇరవై రెండేళ్లప్పుడు ఈ పాట నాకు వచ్చేది కాదు. అప్పుడు నాకు కోపం ఉంది. దేని మీదో తెలియదు. 'వ్యవస్థ' మీద అనేవాణ్ణి. ఇప్పుడు నా కోపానికి అడ్రసు ఉంది. ఏ గోడ, ఏ రంగు, ఎవరి చేతులు, వందకి ఎంత అన్నది తెలుసు. ముప్పై ఏళ్లు ఒకే వీధిలో పని చేస్తే తెలిసేవి ఇవి. మిత్రుడు జ్ఞాపకం అన్నది దీన్నే అయితే, అవును, జ్ఞాపకమే. కోపానికి జ్ఞాపకం లేకపోతే అది అరుపు. మేము అరుస్తాం కూడా, కాదనను.

ఆ అక్కను పిలిచి పాట వినిపించాం. చెవులు మూసుకుని విన్నది. "మాటలు సగం సమజ్‌గాలే. ఆ మూడక్షరాలు మాత్రం సమజైనయి" అంది. ఇంకా గట్టిగా అనాలా అని అడిగితే, "నెమ్మదిగ అన్నా ఇనపడేటట్టు అను" అంది. ఇప్పటిదాకా మా పాట మీద వచ్చిన మంచి విమర్శ అదొక్కటే. ఆ సలహా ప్రకారం రెండోసారి మార్చాం.

*

"మీరెందుకు, కుర్రాళ్లని వాయించనివ్వండి, మీరు వినండి" అంటారు ఇంకొందరు. కుర్రాళ్లకి టైమేదీ? అలియాబాద్ నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు, గిటార్ చెయ్యి బాగుంది. "ప్లేస్‌మెంట్స్ అయ్యాక వస్తా అంకుల్" అన్నాడు. అయ్యాక బెంగుళూరు పోయాడు. ఈ ఊళ్లో ఇరవై ఏళ్లవాడికి కోచింగు ఉంది, ఫీజు ఉంది, ఇంట్లో రెండు గదులుంటే ఏడుగురు ఉన్నారు. గంటకి ఇంత అని తీసుకునే ప్రాక్టీసు రూములు వాడి జేబుకి అందవు. తిరగబడే వయసు వాడికుంది, తిరగబడే గది లేదు. గది నా దగ్గరుంది. ఎందుకుందంటే నాకు నలభై తొమ్మిది కాబట్టి. ముప్పై ఏళ్లు పని చేసి కట్టుకున్న గది కాబట్టి.

అందుకే ఇప్పుడు శుక్రవారం మా ప్రాక్టీసు ఐదింటికే ముగించి, ఆరింటిదాకా గది ముగ్గురు పిల్లలకి ఇస్తున్నాం. డబ్బులేమీ లేవు, పరుపులు మళ్లీ తలుపుకి ఆనించిపోవాలి, అదొక్కటే షరతు. మా డ్రమ్మరు వాళ్లలో ఒకడికి మార్ఫా చెయ్యి నేర్పిస్తున్నాడు. పెళ్లిళ్లకి ఇప్పుడు డీజే బాక్సులు వచ్చాయి. 2024 అక్టోబరులో పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు గానీ పెళ్లిళ్ల బేరం తిరిగి రాలేదంటాడు ఆయన. "డీజేవాడు మా మార్ఫానే పెన్‌డ్రైవ్‌లో పెట్టి కొడ్తడు. మేమెందుకు వాడికి?" అంటాడు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది నేర్చుకోవడానికి పనికిరాదు. ఎదురుగా కూచుని, మణికట్టు ఎక్కడ వదలాలో చూపించే యాభై రెండేళ్ల మనిషి కావాలి. ఆయన వాయించడం మానేసి 'పెద్దమనిషి' అయిపోతే ఆ పిల్లవాడు ఎవర్ని చూసి నేర్చుకోవాలి? మానేసినవాడి దగ్గర నేర్చుకునేది ఒక్కటే, ఎలా మానెయ్యాలి అన్నది.

మిత్రుడికి చివరగా నా మనవి ఇది. శుక్రవారం మూడింటికి రండి. మదీనా సర్కిల్ దగ్గర బండి పెట్టి నడిచి వచ్చేయొచ్చు, ఛత్తా బజార్‌లోకి కారు రాదు. చెవులకి దూది తెచ్చుకోండి, మా దగ్గర ఉన్నది అయిపోయింది. ఆరు పాటలు వినండి. బేస్ శ్రుతి తప్పిందనండి, ఆ రెండో పాట మరీ సాగిందనండి, మాటలు పేలవంగా ఉన్నాయనండి, కూచుని వాదిస్తాను, ఓడిపోయినా ఓడిపోతాను. మీరు విమర్శకులు, ఆ పని మీకు వచ్చు. వయసు మాట మాత్రం గడప బయట వదిలి రండి. అది పాట మీద విమర్శ కాదు.